హద్దు మరచిన కణం

క్యాన్సర్‌కు తెలుగులో రాచపుండు అనే పాత పేరొకటి ఉంది. ఆ మాట వినగానే అది ఎక్కడినుండో వచ్చి దేహంలో చేరిన పరాయి జబ్బనే తలంపు కలుగుతుంది. శాస్త్రచరిత్ర చెప్పేది మరొకటి.

1838లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ కణితులను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అవి కూడా కణాల సముదాయాలేనని చూపాడు. ప్రతి కణమూ మరొక కణం నుండే పుడుతుందని ఆయన శిష్యుడు రుడోల్ఫ్ విర్కో 1858లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. అనగా క్యాన్సర్ కణం మన కణానికి పుట్టిన బిడ్డయే.

మరి భేదమెక్కడ? మామూలు కణం ఇరుగుపొరుగు కణాల సంకేతాలకు లోబడి ఉంటుంది. గాయం పూడగానే చర్మకణాల విభజన నెమ్మదిస్తుంది. బాగుచేయరానంతగా దెబ్బతిన్న కణం తనంత తానే నశిస్తుంది. జన్యువులలో మార్పులు పేరుకొన్న క్యాన్సర్ కణం ఈ రెండు కట్టుబాట్లనూ మీరుతుంది. కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకొంటుంది, పుట్టిన చోటు విడిచి ఇతర అవయవాలకు పాకుతుంది.

ఆగని ఈ విభజననే గురిచేసుకొన్న తొలి మందులలో ఒకదాని వెనుక ఒక తెలుగువాడున్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. విభజనకు ముందు కణం తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. లుకేమియా పిల్లలకు ఆ జాతి పదార్థాలనిచ్చి చూసిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, వ్యాధి ఇంకా ఉధృతమైనట్లు గమనించాడు. పోషిస్తే పెరిగేది, ఆ పోషణను అడ్డుకొంటే తగ్గాలి గదా! సుబ్బారావు బృందం అందించిన అమినోప్టెరిన్ చూపునకు ఫోలిక్ ఆమ్లం వంటిదే, పనిలో దానికి అడ్డుపుల్ల. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

శత్రువు మన పోలికతోనే ఉన్నందున ఇటువంటి మందు దెబ్బ మనవారికీ తగులుతుంది. వేగంగా విభజన చెందే మజ్జ, పేగుపొర, వెంట్రుకల కుదుళ్ల కణాలు కూడా నలుగుతాయి. చికిత్సలో జుట్టు రాలడం, నోరు పూయడం ఇందువల్లనే.

మా గోనెగండ్లలో క్యాన్సర్ రోగికి కంచమూ లోటా వేరుగా పెట్టిన ఇళ్లను నేనెరుగుదును. కొన్ని క్యాన్సర్లకు వైరస్‌లు దారితీసే మాట నిజమే. కానీ ఒకరి దేహంలో అదుపు తప్పిన కణం, కలిసి తిన్నంత మాత్రాన మరొకరిలో నాటుకోదు. అంటుతుందన్న భయంతో జబ్బును దాచిపెడితే, ఆ దాచిన నెలలలో అది పాకిపోవచ్చు. మానని పుండో, తగ్గని గడ్డో కనబడితే ఆదోనికో ఎమ్మిగనూరుకో వెళ్లి వైద్యునికి చూపించడం మేలు. ఇంట్లో మాత్రం ఆ మనిషికి అందరితోపాటే అన్నం వడ్డించవచ్చు.