సీసపు టైపు నుంచి తేలిక లాప్‌టాప్ దాకా: విజయవాడ అక్షరకూర్పు

తేలికపాటి లాప్‌టాప్ గుణాలను ఎంచేటప్పుడు బరువు, మందం, బ్యాటరీ నిలిచే కాలం ముందుగా లెక్కకు వస్తాయి గాని, విజయవాడ అచ్చు పరిశ్రమ చరిత్రను ఎరిగినవారికి ఆ యంత్రం తెలుగు లిపిని ఎంత నిర్దుష్టంగా కూర్చగలదన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. 1952లో విశాలాంధ్ర దినపత్రిక ఇక్కడ మొదలై, 1959లో ఆంధ్రప్రభ మద్రాసు నుంచి తరలివచ్చి, 1960లో ఆంధ్రజ్యోతి వెలువడడంతో, అప్పటికే ఏలూరు రోడ్డు పరిసరాల్లో వేళ్లూనుతున్న పుస్తక ప్రచురణకు పత్రికల బలం తోడై, కృష్ణా తీరంలోని ఈ నగరం తెలుగు అచ్చుకు ముఖ్యకేంద్రమైంది.

ఆ అచ్చు అంతా కంపోజిటర్ల చేతుల మీదుగా నడిచింది. సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసిన అక్షరాన్ని టైపు అనీ, వాటిని విడివిడిగా ఉంచే అరల చెక్కపళ్లాన్ని కేసు అనీ అంటారు. కంపోజిటరు కేసులోంచి ఒక్కొక్క టైపునూ ఏరి, స్టిక్ అనే చిన్న పట్టీలో పంక్తిగా పేర్చి, పంక్తులను గ్యాలీ అనే పళ్లెంలోకి మార్చి, పుటలుగా అమర్చి, వాటిని ఇనుపచట్రంలో బిగించేవాడు. ఇంగ్లీషు కూర్పుకు కొద్దిపాటి అరలు చాలితే, గుణింతాలూ ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఉన్న తెలుగుకు వందల అరలు కావలసి వచ్చేవి. ఏ అక్షరం కింద ఏ ఒత్తు ఇముడుతుందో, ఎక్కడ పంక్తి విరగాలో అతని వేళ్లకు తెలిసి ఉండేది. కుడియెడమలు తారుమారైన అక్షరాలను తడబడకుండా చదువుతూ, అచ్చు ముగిశాక ప్రతి టైపునూ తిరిగి దాని అరలోకి చేర్చిన ఆ కార్మికుల పాండిత్యానికి మన సాహిత్యచరిత్రల్లో తగిన చోటు దక్కలేదు.

కంప్యూటరుతో పుటలు కూర్చే డీటీపీ పద్ధతి 1990ల్లో వ్యాపించడంతో సీసం బరువు తొలగింది గాని లిపి చిక్కు తొలగలేదు. ‘అను’ వంటి సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతస్థానాల్లో తెలుగు ఆకృతులను అమర్చినందువల్ల, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిచినప్పుడు తెలుగు పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించేది. ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతపద్ధతి అయిన యూనికోడ్ 1991లో తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల విభాగాన్ని కేటాయించినా, సామాన్య వినియోగదారుకు ఆ ఫలం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, దానిలోని గౌతమి ఫాంటుతో గాని అందలేదు. కంపోజిటరు వేళ్లలో ఉన్న ఒత్తుల జ్ఞానం ఫాంటులోని నియమాలకు బదిలీ అయింది అప్పుడే.

2008లో 1.36 కిలోల బరువుతో ఆపిల్ సంస్థ లాప్‌టాప్ మాక్‌బుక్ ఎయిర్ రావడం, తరువాతి యంత్రాల్లో తిరిగే డిస్కుకు బదులు ఫ్లాష్ మెమరీ స్థిరపడడం వల్ల ఒక అచ్చు కార్యాలయపు కూర్పుపని అంతా భుజాన వేసుకునే సంచిలో ఇమిడింది. అయితే 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరపు ఒకానొక సంకేతవరుస ఎదురైనప్పుడు ఆపిల్ ఫోన్లలో, మాక్ కంప్యూటర్లలో అనువర్తనాలు కుప్పకూలిపోగా, ఆ సంస్థ కొద్ది రోజుల్లోనే సవరణ విడుదల చేయవలసి వచ్చింది. జ, ఞల కలయికను పూర్వపు కంపోజిటరు ఏ తడబాటూ లేకుండా కూర్చేవాడన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పని ఇప్పటికీ మిగిలే ఉంది. మార్చనంతవరకు యూనికోడ్‌లో టైపు చేసిన మాటను వాటిలో వెతకడం సాధ్యం కాదు. మార్పిడి సాధనాలు ఉన్నా ఒత్తులు, పొల్లులు అక్కడక్కడ చెదురుతాయి కనుక, ఎంత తేలికైన లాప్‌టాప్ మీద పని జరిగినా, ఆ పాఠాన్ని అచ్చుపుస్తకంతో పంక్తిపంక్తికీ పోల్చి దిద్దే ప్రూఫురీడరు అవసరం తప్పడం లేదు.