‘అన్నియు’, ‘ఒకటైనను’

గణితమన్న కూడికయు, తీసివేతయు మాత్రమే యని పలువురు తలంతురు. పాఠశాలలో గణితము చెప్పిన నా యనుభవమున బాలురను చిక్కుపెట్టునది అంకె కాదు. ‘అన్నియు’, ‘ఒకటైనను’ అను రెండు చిన్న మాటలు. ఊరిబావులన్నియు ఎండినవని యొకడన్నచో, అది తప్పని చెప్పుటకు ఏమి చూపవలయునని తరగతిలో నడిగితిని. ఏ బావియు ఎండలేదని చూపవలయునని పలువురు బదులు చెప్పిరి. నీరున్న బావి యొక్కటి చూపిన చాలును గదా! తగవులు తీర్చు మీకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ మాటయే యొక మహాపండితుని మోసపుచ్చినది. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు తూలూజు పట్టణమున ఫెర్మా అను న్యాయాధికారి యుండెను. గణితము ఆయనకు తీరికవేళల వ్యాసంగము. రెంటిని రెంట గుణింపగా 4. నాలుగును నాలుగింట గుణింపగా 16. ఇట్లే 256, 65,536. ఈ వరుసలోని ప్రతిదానికిని ఒకటి కలిపిన 3, 5, 17, 257, 65,537 వచ్చును. ఈ యైదును ప్రధానసంఖ్యలే. అనగా ఒకటియు, తామును తప్ప మఱి యే సంఖ్యయు వీనిని నిశ్శేషముగ భాగింపదు. ఈ వరుసలోనివి అన్నియు నిట్టివే యని ఫెర్మా 1640లో లేఖలలో వ్రాసెను. ఉపపత్తి తనకు దొరకలేదనియు దాచక చెప్పెను. అందులకు నేనాయనను మెచ్చుకొందును.

1729లో గోల్డ్‌బాఖ్ అను పండితుడు ఈ సంగతిని ఆయిలరునకు వ్రాసి యడిగెను. ఆఱవ సంఖ్య 4,29,49,67,297. ఇది 641ని 67,00,417 చేత గుణింపగా వచ్చునని ఆయిలరు 1732లో చూపెను. ఈ సంఖ్యను భాగించు ప్రధానసంఖ్యను 64 చేత భాగించిన శేషము ఒకటే యుండునని యాతడు పిమ్మట నిరూపించెను. ఆ నియమముచొప్పున పరీక్షింపవలసినవి 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదవదానితో తొంబదియేండ్లు దాటిన నమ్మకము కూలెను.

ఈ మాటల వరుస మారినను అర్థము మారును. ఊరిలోని ప్రతి బావికిని నీటినందు చేంతాడొకటి కలదనుకొనుడు. అప్పుడు మిక్కిలి లోతైన బావి చేంతాడు అన్నిటికిని చాలును. బావులు లెక్కకు లోబడినవి గనుక ఇట్లయ్యెను. సంఖ్యల కిది చెల్లదు. ప్రతి సంఖ్యకును దానికంటె పెద్దది యొకటి కలదు. అన్నిటికంటె పెద్దది యొకటి లేదు. అనంతశ్రేణుల విషయమున ఇట్టి భేదమును పాటింపకయే కోషీ 1821లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. దానికి మినహాయింపులు కలవని 1826లో ఆబెల్ యువకుడు తెలిపెను.

ఈ మాటల నడకకు కట్టుదిట్టమైన లిపిని 1879లో జర్మనీవాడైన ఫ్రేగె కల్పించెను. ‘కలదు’ అనుటకు ‘ఇ’ అను రోమను అక్షరమును వెనుకకు త్రిప్పిన గుర్తు 1897లో పెయానో వ్రాతలలో వచ్చెను. ‘అన్నియు’ అనుటకు తలక్రిందులైన ‘ఏ’ అక్షరమును 1935లో గెంట్జెన్ వాడెను. ఇప్పటి విద్యార్థులు వ్రాయునవి యివియే.

ఫెర్మా వరుస మాత్రము ఇంకను తెగలేదు. 65,537 తరువాత అందు ప్రధానసంఖ్య యొక్కటియు నింతవరకు దొరకలేదు. ఒకటైనను కలదనువారు దానిని చూపిన చాలును. లేదనువారు తక్కినవన్నిటికిని ఉపపత్తి చెప్పవలయును. ఆ రెండును ఇప్పటికి జరుగలేదు.