చవుక డిస్కులు, చెడని భాండారము



తాటియాకు పుస్తకము చిరకాలము నిలుచునది కాదు. చెదలు తినును, పురుగు తొలుచును, తడిసిన కుళ్లును, నిప్పు సోకిన క్షణములో బూడిదయగును. అట్టి యాకులపై వ్రాయబడిన నన్నయభట్టు భారతము తొమ్మిదివందల యేండ్లు దాటి మన చేతికి వచ్చినది. ఆ మొదటి యాకులు అంతకాలము బ్రతుకలేదు. ఆకు శిథిలము కాకమున్నే వ్రాయసకాండ్రు దానికి ప్రతి వ్రాసిరి. ఒక గ్రామమందలి ప్రతి నశించినను వేరొక గ్రామమందలి ప్రతి మిగిలెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1829లో వేమన పద్యములను అచ్చు వేయించుటకు ముందు పెక్కు వ్రాతప్రతులను కూర్చి సరిచూచెను. ఒక ప్రతిలోని తప్పును వేరొక ప్రతి పట్టి యిచ్చునుగదా!

వస్తువు అల్పమైనను ఏర్పాటు గట్టిదైనచో విద్య నిలుచుననుట దీనివలన తేలుచున్నది. ఈ ధర్మమునే గడచిన డెబ్బది యేండ్లలో యంత్రశాస్త్రజ్ఞులు మరల కనుగొనిరి. ఆ చరిత్రము మనకేల యందురేమో! నేడు మన పొలముల కాగితముల నకళ్లు, పిల్లల పెండ్లి చిత్రములు, గతించిన తలిదండ్రుల కంఠధ్వని, అన్నియు చేతిఫోనులో నున్నవి. అది నీటబడిన నాడు అవియు దానితో పోవును. అందుచే కొందరు ఇంటిలో ఒక మూల చిన్న యంత్రము నుంచి, ఇంటివారి పత్రములన్నియు నందు దాచుచున్నారు. ఎవరడిగినను వారి కంప్యూటరునకో ఫోనునకో వానిని అందించు నీ యంత్రమునకు సర్వరని పేరు. దాని కడుపులో అక్షరములను దాచు భాగము డిస్కు. అనగా అయస్కాంతగుణము గల పూత పూసిన గుండ్రని పళ్లెము.

ఇట్టి డిస్కును మొదట 1956లో అమెరికా దేశమున ఐ.బి.ఎం. సంస్థవారు విక్రయమునకు తెచ్చిరి. దానియందు 24 అంగుళముల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెను. బరువు సుమారొక టన్ను. ఇంత చేసి అది దాచినది 50 లక్షల అక్షరములు మాత్రమే. దానిని కలిగిన కంప్యూటరునకు అద్దెయే నెలకు 3,200 డాలర్లు. పెద్ద వ్యాపారులకు దక్క అన్యులకు అది అందని పండు. 1980లో సీగేటు అను సంస్థ ఇంచుమించుగా అంతే దాచగల చిన్న డిస్కును తయారుచేసెను. దాని వెల 1,500 డాలర్లు. ఒక టన్ను బరువుండినది ఇరువదినాలుగేండ్లలో మనిషి చేత పట్టుకొనదగినదయ్యెను.

ఇచ్చటనే ఒక చిక్కు పుట్టెను. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అను మువ్వురు పండితులు ఒక వ్యాసము ప్రకటించిరి. ఐ.బి.ఎం. వారి పెద్ద డిస్కు ఒకటి దాచునంత సొత్తును చిన్న డిస్కులు 75 కలిసి దాచగలవు. అక్షరమునకింత యని లెక్క వేసిన చిన్నవియే చవుక. కాని అవి చెడుట మాట యేమి? ఒక్కొక్క డిస్కు సగటున 30,000 గంటలు, అనగా మూడేండ్లకు మించి పనిచేయును. అట్టివి నూరు కలిపినచో వానిలో ఏదో యొకటి 300 గంటలకే, అనగా పండ్రెండున్నర దినములకే చెడునని వారు లెక్క కట్టిరి. నూరు కుండలను ఒకదానిపై నొకటి పేర్చినవానికి నిత్యము ఏదో యొక కుండ పగులుచునే యుండును.

దీనికి వారు చెప్పిన మందు అదనపు డిస్కు. ఒకే వ్రాతను రెండు డిస్కులపై వ్రాయుట యందు మొదటి మార్గము. అది వారికి పూర్వమే వాడుకలో నున్నది. అద్దమునందలి ప్రతిబింబమువలె ఒకటి చెడినను రెండవది యుండును. మరియొక మార్గము లెక్కవలన సాగును. మూడు డిస్కులపై వరుసగా 5, 7, 9 అను అంకెలున్నవనుకొనుడు. వాని మొత్తము 21ని నాలుగవ దానిపై వ్రాసి యుంచిన, 7 గల డిస్కు చెడిననాడు 21లో నుండి 5ను, 9ని తీసివేయగా పోయిన 7 తిరిగి వచ్చును. యంత్రము చేయునది మొత్తము కాక సరి బేసి లెక్క. న్యాయము మాత్ర మిదియే. ఈ యేర్పాటునకు వారు రెయిడ్ అని పేరిడిరి. ఆంగ్లమున ఆ పేరులోని మూడవ యక్షరము మొదట చవుక యను నర్థమును తెలుపుచుండెను. వర్తకులు తరువాత దానిని స్వతంత్ర మను నర్థమునకు మార్చిరి.

డిస్కు పూర్తిగా చెడిన తెలియును. చెడకయే ఒక యక్షరమును తప్పుగా చెప్పిన నెట్లు తెలియును? వేదపాఠకులు క్రమము, జట, ఘన యని పదములను తిరుగవేసి వల్లించుటలోని ప్రయోజనము తప్పు దొరలనీయకుండుటయే. సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ అనువారు కల్పించి, 2005లో లోకమునకు విడిచిన జెడ్.ఎఫ్.ఎస్. అను పద్ధతియం దట్టి కాపలా యున్నది. ప్రతి వ్రాతఖండమునకును ఒక గుర్తుసంఖ్య కట్టి వేరుచోట నుంచును. చదువునపు డది సరిపోనిచో రెండవ డిస్కునుండి సరియైన పాఠము తెచ్చి తప్పును దిద్దును.

ఇక వెల మాట. ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును, ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో సాంబాను, ఫ్రాన్సువాడైన ఒలివియే కొషార్ లాబే 2005లో ఫ్రీనాసును లోకమునకు ఉచితముగా నిచ్చిరి. పాతబడి మూలబడిన కంప్యూటరును ఇంటి భాండారముగా మార్చుటకు ఇట్టి దానములు చాలును. కొనవలసినవి ముఖ్యముగా డిస్కులే.

అయినను ఒక భ్రమను విడువవలెను. రెండు డిస్కులు ఒకే యాజ్ఞకు లోబడి యుండును. పొరపాటున చెరిపివేయుమన్న రెండును చెరుపును. ఇల్లు కాలిన రెండును కాలును. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అను చలనచిత్రపు పత్రములు ఒక తప్పు ఆజ్ఞవలన పెక్కు తుడిచిపెట్టుకొని పోయెను. నకళ్లు తీయు నేర్పాటు సరిగా పనిచేయుట లేదని యప్పుడు బయటపడెను. పసిబిడ్డ గల గేలిన్ సుస్మన్ అను ఉద్యోగిని ఇంటినుండి పనిచేయుటకై ప్రతి నొకదానిని తన యింటి కంప్యూటరులో నుంచుకొని యుండెను. దానిని దుప్పట్లలో చుట్టి బండిలో తెచ్చి చిత్రమును కాపాడిరి. అది 1999లో విడుదల యయ్యెను. అంతటి సంస్థను ఆదుకొన్నది దూరముననున్న ఒక ఇంటి ప్రతియే.

కావున ఇంట సర్వరు నిలుపదలచువారు ఇవి మరువరాదు. డిస్కులు రెండు జంటగా నుంచుడు. ఒకటి చెడిన వెంటనే మార్చుడు, ఆలస్యమైన రెండవది దాని దారినే పోవచ్చును. మన యూళ్లలో కరెంటు చెప్పి పోదు గనుక యు.పి.ఎస్. ఉండవలెను. వేరుగా మరియొక డిస్కుపై ప్రతి తీసి, వేరూర నున్న కుమారుని యింటనో కుమార్తె యింటనో ఉంచుడు. ఏడాదికొకమారు ఆ ప్రతిని తెరచి చదివి చూడుడు. చదువని ప్రతి ఉన్నదో లేదో ఎవరెరుగుదురు? కడపటిది పాస్‌వర్డు. యంత్రమును నెలకొల్పిన కుర్రవాడు ఉద్యోగమునకై దూరదేశము పోవును, వెంట దాని తాళమును పోవును. ఆ మాటను కాగితముపై వ్రాసి దస్తావేజుల పెట్టెలో నుంచుడు.

మన పూర్వులు ఆకు గట్టిదని నమ్మలేదు. అది చెడునని యెరిగియే ప్రతి వ్రాసిరి. బర్క్‌లీ పండితులును డిస్కు చెడునని ఒప్పుకొనియే లెక్క ప్రారంభించిరి. మన యింటి పత్రములకును అట్టి ముందుచూపు కావలెనని మనవి చేయుచు విరమించుచున్నాను.