పిండి ఎప్పుడు కలిపినట్టు?

1880లు. వేట మొదలైన ఆదివారం. పారిస్‌కు దక్షిణంగా నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సొలోన్ అడవుల మధ్య లామోత్-బువ్రోన్ అనే చిన్న ఊరు. రైలు స్టేషన్‌కు ఎదురుగా ‘తాతాఁ’ హోటల్. పేరులో తాత ఉన్నా నడిపేది ఇద్దరు పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు. చెల్లెలు కరోలిన్ ముందు గదిలో అతిథుల సంగతి చూస్తుంది. మాట నేర్పరి. అక్క స్తెఫానీ వంటిల్లు దాటి రాదు.

ఆ రోజు బురద బూట్లతో, భుజాన తుపాకులతో వేటగాళ్ళు హోటల్ నింపేశారు. వడ్డన మీద వడ్డన. పొయ్యి మీద గిన్నెలో వెన్న, చక్కెర, ఆపిల్ ముక్కలు. స్తెఫానీ మరో పనిలో పడింది. ముక్కుకు మాడు వాసన తగిలేసరికి పరుగెత్తింది. చక్కెర ఎర్రబడి, నల్లబడడానికి సిద్ధంగా ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. చేతికందిన పిండి రొట్టెను ఆ ముక్కల మీదే కప్పి, గిన్నెను అలాగే పొయ్యిలోకి తోసింది. తీశాక పళ్ళెంలో బోర్లించింది. వేటగాళ్ళు వేళ్ళు నాకారు. తార్త్ తాతాఁ పుట్టింది.

కథ ఇదీ. ఇంకో రకంగా కూడా చెప్తారు: టార్టును తలకిందులుగా పెట్టేసిందని ఒకరు, చేతిలోంచి జారి బోర్లాపడిందని మరొకరు.

కోయంబత్తూరు పీలమేడులోని మా ఇంట్లో నేను దీన్ని అవ్వకు చెప్పింది ఓ ఏప్రిల్ మధ్యాహ్నం. నాయక రాజుల కాలంలో మధుర దారిన, కొంగునాడు దారిన వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగువాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ రెండు భాషల్లోనూ టార్టు అనే మాట లేదు. అవ్వ కళ్ళు మూసుకుని కథంతా విన్నది. కాసేపాగి ఒక్కటే అడిగింది.

“మరి పిండి ఎప్పుడు కలిపినట్టు, అమ్మిణీ?”

నాకు జవాబు తోచలేదు. అప్పటికే మూడుసార్లు టార్టు చెడగొట్టి ఉన్నాను కాబట్టి, ఆ ప్రశ్న ఎంత దూరం పోతుందో మాత్రం అర్థమైంది.

టార్టు అంటే లోపలి పండు ఒక ఎత్తు, కింది పిండి రెండెత్తులు. 200 గ్రాముల మైదాకు 100 గ్రాముల చల్లటి వెన్న. వేళ్ళ కొసలతో నలిపి రవ్వలా చేసి, మూడు నాలుగు చెంచాల చన్నీళ్ళు చిలకరించి ముద్దగా దగ్గరికి తేవాలి. పిసకకూడదు. మన చపాతీ పిండికి పిసికేకొద్దీ సాగుడు రావాలి, దీనికి ఆ సాగుడే శత్రువు. అరగంటైనా ఫ్రిజ్‌లో పెడితేగానీ కర్రకు లొంగదు, పెట్టకపోతే ఓవెన్‌లో ముడుచుకుపోతుంది. నిమ్మరసం టార్టుకైతే ఇంకో తతంగం. ఖాళీ పెంకు ఉబ్బకుండా పైన కాగితం పరిచి, దాని నిండా బరువుకు పప్పుగింజలు పోసి ముందు ఒకసారి కాల్చాలి. అవ్వ చూస్తుండగా కందిపప్పు డబ్బా తీసే ధైర్యం నాకు లేక రాజ్మా గింజలు కొన్నాను.

నా మొదటి రెండు టార్టులు కోయంబత్తూరు ఎండకు బలయ్యాయి. వెన్న ముప్పై దాటిన వేడికే జారిపోతుంది. ఫ్రెంచి పుస్తకాలు రాసినవాళ్ళకు మా వంటింటి ఏప్రిల్ ఎలా తెలుస్తుంది? మూడోది వెన్న వల్ల పోయింది. ఇక్కడ వెన్నంటే ఊత్తుకుళి వెన్నే, తిరుప్పూరు పక్క ఊరు. వాసనకు సాటి లేదు. నేను కొన్నదానిలో మాత్రం మజ్జిగ నీరు మిగిలి ఉంది, ఆ నీరు కలిసి పిండి జిగురైపోయింది. ఆ తర్వాత గుడ్డలో వేసి నీరు పిండి, గట్టిపడేదాకా చల్లబెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు కలిపాను. నిలిచింది.

అవ్వ ప్రశ్నకు జవాబు కోసం ఆ ప్రమాదాన్నే మళ్ళీ జరిపించి చూశాను. గిన్నెలో వెన్న, చక్కెర, గట్టి సిమ్లా ఆపిళ్ళు పెద్ద ముక్కలుగా. పండు ముందు నీరు వదులుతుంది, ఆ నీరు ఇంకాక గానీ పాకానికి రంగు రాదు. దగ్గర దగ్గర పాతిక నిమిషాలు. కానీ తేనె రంగు నుంచి చేదుకు మారడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల్లో పిండి కలిపి, అరగంట చల్లబెట్టి, వత్తి కప్పడం ఎవరి తరం? నా పాకం బొగ్గయింది. పిండి ముందే సిద్ధంగా ఉండాలి. అంటే ఏం చేయబోతోందో ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

అవ్వ అరిసెల పాకం పట్టే తీరు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ముదురుకూ లేతకూ మధ్య ఉన్న ఆ గీతను ఆమె గరిటె అంచు చూసి పట్టేస్తుంది. స్తెఫానీ కూడా అంతే అయి ఉంటుందని నా నమ్మకం. పైగా పళ్ళ టార్టును బోర్లించడం సొలోన్ ఇళ్ళలో అంతకుముందే ఉన్న అలవాటు. ఆ కాలపు ఫ్రెంచి పల్లె వంటిళ్ళలో గిన్నె మీద మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చేవారు. మన దిబ్బరొట్టె కాలినట్టే, కిందా పైనా సెగ.

ఇంకో కట్టుకథ మరీ ముచ్చటైనది. పారిస్‌లోని మాక్సిమ్స్ రెస్టారెంట్ యజమాని లూయీ వోదాబ్ల్, ఆ రుచికి మతిపోయి, రహస్యం దొంగిలించడానికి తోటమాలి వేషంలో ఒక గూఢచారిని అక్కచెల్లెళ్ళ దగ్గరికి పంపాడట. వోదాబ్ల్ పుట్టింది 1902లో. వాళ్ళు హోటల్ వదిలేసింది 1906లో. నాలుగేళ్ళ పిల్లాడు గూఢచారిని పంపాడన్నమాట!

కథలు ఇలా ఎందుకు పెరుగుతాయో మా ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో ఇక్కడి సభలో, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ముందు అన్నపూర్ణ హోటళ్ళ శ్రీనివాసన్ లేచి, బన్నుకు పన్ను లేదు, లోపల క్రీము పెడితే 18 శాతం అని సరదాగా చెప్పారు. సభ నవ్వింది. రెండు రోజుల్లో ఆ బన్ను దేశమంతా తిరిగింది. తిరిగిన ప్రతిచోటా కథ కాస్త మారింది. వీడియో ఉంది కాబట్టి అసలు మాట నిలిచింది. (2025 సెప్టెంబరు 22 నుంచి పేస్ట్రీల మీద పన్ను 5 శాతానికి దిగింది, అది వేరే సంగతి.) లామోత్-బువ్రోన్ వంటింట్లో వీడియో లేదు.

కరోలిన్ 1911లో పోయింది, స్తెఫానీ 1917లో. కుర్నోన్‌స్కీ అనే కలం పేరుతో రాసిన భోజన రచయిత తన ఫ్రాన్స్ రుచుల గ్రంథమాలలో ఈ టార్టును వాళ్ళ పేరుతో లోకానికి చెప్పింది 1926లో. తమ ఇంటిపేరు తినే వస్తువైందని ఆ ఇద్దరికీ తెలియనే తెలియదు. ఇప్పుడు ఆ ఊళ్ళో టార్టు ప్రియుల సంఘం కూడా ఉంది, 1979లో పెట్టారు.

నా నాలుగో టార్టును ఓవెన్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగాను. వెంటనే బోర్లిస్తే పాకం కారిపోతుంది, మరీ చల్లారితే గిన్నెను వదలదు. పైన పళ్ళెం పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పాను. రెండు ముక్కలు గిన్నెకే అంటుకున్నాయి. కత్తి మొనతో తీసి, ఖాళీల్లో అతికించి, పైన పాకం పూసేశాను.

అవ్వ ఒక ముక్క కొరికి చాలాసేపు నమిలింది.

“ఇదేమీ మరిసిపోయి చేసింది కాదు,” అంది. తర్వాత వేలితో పళ్ళెం అంచున పాకం తీసి చూసి, “ఇంకొంచెం ముదరనియ్యాల్సింది” అంది.