బంగారు చేపలు గుడ్లు పెట్టే వేళ

ఇళ్లలో గాజు తొట్టెల్లో పెరిగే బంగారు చేప, అంటే గోల్డ్‌ఫిష్, చైనా కుంటల్లోనూ వాగుల్లోనూ తిరిగే బూడిదరంగు కార్ప్ జాతి చేప నుంచి పుట్టింది. ఆ జాతిలో అరుదుగా కనిపించే ఎర్రని, పసుపుపచ్చని చేపలను బౌద్ధులు చంపకుండా, ప్రాణదానం కోసం ప్రత్యేకించిన కోనేళ్లలో వదిలేవారు. సోంగ్ రాజుల కాలంలో (960–1279) హాంగ్‌జౌ, జియాషింగ్ పట్టణాల్లో ఈ ఆచారం పెంపకంగా మారింది. 1162లో సింహాసనం వదులుకున్న గావోజోంగ్ చక్రవర్తి తన దెషౌ భవనపు కొలనులో ఈ చేపలను పెంచడంతో దానికి రాజాదరణ కూడా దక్కింది.

అయితే కోనేటి లోతులో ఏ ఆడచేప ఏ మగచేపతో జతకట్టిందో చూడగలిగేవారు లేరు. సేనాని యుఎ ఫెయ్ మనుమడు, 13వ శతాబ్ది రచయిత యుఎ క, రాజధానిలోని పెంపకందార్లు తమ విద్యను రహస్యంగా ఉంచుతారనీ, మురుగు కాలువల్లోని చిన్న ఎర్రపురుగులను వంద రోజులు మేపితే ఏ చేపకైనా బంగారు రంగు వస్తుందని కొందరు అంటారనీ రాశాడు. మేత ఉన్న రంగును చిక్కబరుస్తుందే గాని వంశంలో లేని రంగును తేలేదు. మేత ఏదైనా, పిల్లచేపలు మొదట నల్లగానో కంచురంగులోనో ఉండి, కొన్ని వారాలకో నెలలకో రంగు తిరుగుతాయి. ఈ పురుగుల కథను పోటీదార్లను పక్కదారి పట్టించడానికి పెంపకందార్లే పుట్టించి ఉంటారనే అనుమానం కలగక మానదు.

మింగ్ కాలంలో, ముఖ్యంగా 16వ శతాబ్దంలో, చేపలు కొలను వదిలి మట్టి తొట్టెల్లోకీ పింగాణీ తొట్టెల్లోకీ చేరాయి. బంగారు చేప చరిత్రలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే చేప నడవడి అప్పటినుంచి మూరెడు దూరంలో కనిపించసాగింది. వసంతంలో నీరు వెచ్చబడి 20 డిగ్రీల దరిదాపులకు చేరేసరికి మగచేప మొప్పల మూతల మీదా, ఛాతీ రెక్కల ముందు అంచు మీదా ఆవగింజకన్నా చిన్న తెల్లని పొక్కులు లేస్తాయి. ఒంటినిండా ఎక్కడపడితే అక్కడ వచ్చే తెల్లమచ్చల వ్యాధికీ వీటికీ తేడా తెలియక, ఆరోగ్యంగా ఉన్న చేపకు మందు వేసేవారు నేటికీ ఉన్నారు. ఆడచేప పొట్ట మెత్తబడి ఉబ్బుతుంది, ఒక్కోసారి ఒక పక్కకే ఎక్కువగా ఒరుగుతుంది. తెల్లవారుజామున మగచేపలు దాని వెంటపడి, పొట్టను మూతితో పొడుస్తూ నీటిమొక్కల్లోకి తరుముతాయి. అక్కడ రాలిన జిగురు గుడ్లు ఆకులకు అతుక్కుంటాయి.

తెలుగునాట చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించేదాకా వాటి పిల్లలకు నదులే ఆధారం. బంగారు చేపకు ఆ ఇబ్బంది లేదు గనుకనే తొట్టెలో దాని వంశాన్ని మలచడం సాధ్యమైంది.

బంగారు చేప వసంతం చివర గడ్డి మీద గుడ్లు పెట్టి వాటిని తానే మింగుతుందని 16వ శతాబ్దపు చైనా వైద్యుడు లీ షీజెన్ నమోదు చేశాడు. మగచేపలు ఆడచేపను తరమడాన్ని సకాలంలో గుర్తించి, గుడ్లున్న మొక్కలను వేరే తొట్టెకు మార్చినవారికే పిల్లలు దక్కేవి. 1596లో ఎర్ర చేపలపై ప్రత్యేకంగా ఒక పుస్తకం రాసిన జాంగ్ చియెన్‌దె, ఏటా వేసవిలో వేల చేపలను కొని, రోజూ నాసిరకాన్ని ఏరివేస్తూ, చివరికి నూటికి ఒకటి రెండింటినే మిగుల్చుకోవాలని సూచించాడు. జంట తోకలు, ఉబ్బు కళ్లు ఇలాంటి ఏరివేతతోనే స్థిరపడ్డాయి. జపాన్‌లోనూ ఈ విద్య వేళ్లూనుకుంది. 1748లో అక్కడ పెంపకంపై ఒక కరదీపిక అచ్చయింది.

మగచేపలు అలా తరమడానికి కారణం మాత్రం 1980లలో గాని తేలలేదు. ఆడచేప గుడ్లు విడుదలకు సిద్ధమైనప్పుడు ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోనును నీటిలోకి వదులుతుందనీ, మగచేప దాన్ని వాసనతో పసిగట్టి వెంటపడుతుందనీ నార్మన్ స్టేసీ, పీటర్ సోరెన్సెన్ తదితర పరిశోధకులు నిరూపించారు.