ప్యానెల్ న్యాయవాది (అరకు ఏజెన్సీ)

తనఖా రుణానికి ముందు ఆస్తి హక్కును పరిశీలించి అభిప్రాయం చెప్పేందుకు బ్యాంకు తన జాబితాలో చేర్చుకున్న న్యాయవాది. లింకు దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ సరిచూడడం ప్రధాన బాధ్యత.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని కఠినతరం చేసిన 1/70 చట్టం వర్తిస్తాయి. గిరిజనేతరుల మధ్య అమ్మకమూ చెల్లదు. వారి చేతిలోని భూమి గిరిజనుల నుంచి వచ్చినదేనని చట్టం భావిస్తుంది; కాదని రుజువు చేయాల్సింది వారే.

అయితే ఈ నిబంధనకు చేసిన 1971 సవరణ ప్రకారం స్వాధీనం అప్పగించకుండా సహకార సంఘాలకు, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకు భూమిని తనఖా పెట్టవచ్చు. బాకీ కింద అమ్మాల్సి వస్తే గిరిజనులకు, లేదా కేవలం గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి మాత్రమే అమ్మాలి. బదలాయింపుపై ఇన్ని ఆంక్షలున్నందున ఇక్కడ రిజిస్టరైన దస్తావేజు ఒక్కటే హక్కుకు చాలిన ఆధారం కాదు. న్యాయవాది నిక్కచ్చి పరిశీలన బ్యాంకు సొమ్ముతోపాటు గిరిజనుల భూమినీ కాపాడుతుంది.