షట్టర్ స్ప్రింగు మోసే బరువు

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం. ఇంట్లో మాట్లాడే తెలుగే మాకు వచ్చిన తెలుగు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన నెల మన హాలు కింద గది షట్టర్ స్ప్రింగు తెగిన సంగతి చాలామందికి తెలుసు. రాత్రి టపాసు పేలినట్టు ఒక చప్పుడు, అంతే. మర్నాడు ఎత్తబోతే షట్టర్ కదల్లేదు. మెకానిక్కును పిలిస్తే ఖర్చు, మన పిల్లలే చూసుకుంటారులే అన్నది ఎవరో కాదు, మేమే. ఇద్దరు కుర్రాళ్లు స్టూలెక్కారు. క్లాంపు బోల్టు వదులు చేయగానే పైన ఉన్న షాఫ్టు గిర్రున తిరిగింది. దానికి పట్టించిన పైప్ రెంచ్ వచ్చి ఒకడి మణికట్టుకు తగిలి ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఆ అబ్బాయి వాళ్లమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఈ బాధ కొంచెం తగ్గేదేమో.

రెండు స్ప్రింగుల్లో తెగింది ఒకటే. రెండోది బిగిసే ఉంది. అది పిల్లలకు తెలియదు. రైల్వే స్టోర్సులో స్ప్రింగుల లెడ్జర్లు రాసిన మాకు తెలిసి ఉండాలి. అందుకే ఈసారి ఈ షట్టర్ చరిత్రే రాస్తున్నాం.

మా చిన్నప్పుడు వ్యాసర్పాడిలో, పెరంబూరులో చాలా కొట్లకు షట్టర్లు లేవు, పలకల తలుపులే ఉండేవి. గడప మీద ఒక గాడి, పైన ఒక గాడి. వాటి మధ్య నిలువు పలకలు వరసగా తోసేవారు. పలక పలకకూ నంబరు ఉండేది. వరస తప్పితే ఆఖరి పలక పట్టదు. పొద్దున్నే వాటిని తీసి గోడకు ఆనించడం కొట్లో పనిచేసే కుర్రాడి మొదటి పని. బరువంతా చేతికి తెలిసేది. ఒక్కో పలకను ఒక్క మనిషి మోయగలిగేవాడు.

ఆ కాలంలో కొట్టంటే సరుకులు అమ్మే చోటు మాత్రమే కాదు. బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికులు పెరంబూరులో తమకు తెలిసిన వ్యాపారుల దగ్గరికి వచ్చి కష్టాలు చెప్పుకునేవారు. ఆ వ్యాపారుల్లో సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ముఖ్యులు. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాసు లేబర్ యూనియన్ పుట్టడానికి ఆ మాటలే మొదలు. తలుపులు తెరిచి ఉన్న కొట్టు మన పేటలకు ఎంత పెద్ద ఆసరానో దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత ఇనుప రేకుల షట్టర్లు వచ్చాయి. ఒక్క లాగుకు కిందికి, ఒక్క తోపుకు పైకి. అందరికీ నచ్చింది. కానీ బరువు ఎక్కడికి పోయింది? లెక్క చూద్దాం. ఒక మిల్లీమీటరు మందం ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు. ఎనిమిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు షట్టరుకు చదును రేకే దాదాపు 47 కిలోలు. వంపులు, కొక్కేలు, అడుగు పట్టీ కలిస్తే ఇంకా ఎక్కువ. ఒంటి చేత్తో మనం దాన్ని ఎత్తగలుగుతున్నామంటే, పైన డబ్బాలో చుట్టుకుని ఉన్న స్ప్రింగులు మన బదులు మోస్తున్నాయన్నమాట.

1678లో రాబర్ట్ హుక్ స్ప్రింగు సూత్రం ప్రకటించాడు. ఎంత లాగితే అంత బలంతో వెనక్కి లాగుతుంది. షట్టరును కిందికి దించేకొద్దీ స్ప్రింగు ఇంకా చుట్టుకుంటుంది. అంటే తాళం వేసి మనం ఇంటికి వెళ్లినప్పుడే అది అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. చూడటానికి నిద్రపోతున్నట్టు ఉంటుంది, అంతే.

పెరంబూరు రైల్వే పట్టరై 1856లో మొదలైంది. ఐసీఎఫ్‌ను 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించారు. మన ఇళ్లలో సగం ఈ రెంటి జీతాలతో పెరిగినవే. రైలు పెట్టెల కింద స్ప్రింగులు చూసిన ఫిట్టర్లు ఈ పేటలో కావలసినంతమంది. మాతో పనిచేసిన ఒక పెద్దాయన కొత్త కుర్రాళ్లకు మొదట చెప్పేది ఒకటే: "స్ప్రింగుకు ఎదురుగా నిలబడకురా, పక్కకు నిలబడు." ఆ మాట మేము ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో కూడా ఇదే కథ. పైకి లేచే గ్యారేజీ తలుపును అక్కడ సి.జి. జాన్సన్ 1921లో తయారుచేశాడు. ఆ తలుపుల స్ప్రింగులకు మామూలుగా చెప్పే ఆయుష్షు 10,000 సార్లు తెరిచి మూయడం. రోజుకు నాలుగుసార్లయితే ఏడేళ్లలోపే. స్ప్రింగు తెగి తలుపు పైనే నిలిచిపోతే, మోటారు నుంచి విడిపించే ఎర్ర పిడి తాడును లాగొద్దని చెప్పండి. తలుపు మొత్తం ఒక్కసారి పడుతుంది. స్ప్రింగు తిప్పడానికి దానికి సరిపడే కడ్డీలు వేరే ఉన్నాయి. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పబోయి దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది.

ఇక మన షట్టర్ల సంగతి. ఎత్తేటప్పుడు ఒక పక్కకు వంకరగా వచ్చినా, ఉన్నట్టుండి బరువెక్కినా అక్కడితో ఆపండి. దిగి ఉంటే దిగే ఉండనివ్వండి. సగంలో ఆగితే రెండు పక్కలా గట్టి గుంజలు పెట్టి, కింద మనిషీ బండీ లేకుండా చూడండి. మోటారు ఉంటే కరెంటు తీసేయండి. పైన క్లాంపు, బ్రాకెట్ బోల్టులు మనం ముట్టుకోకూడదు.

మెకానిక్కు వచ్చాక కూడా చూడవలసినవి ఉన్నాయి. ఒక్కడు చాలడు, ఇద్దరు కావాలి. స్టూలు కాదు, కదలని నిచ్చెన కావాలి. క్లాంపు వదులు చేసేముందే షాఫ్టును రెంచుతో గట్టిగా పట్టాలి. ఒక రెంచ్ పట్టు వదలకుండా రెండోది పట్టించి, కొంచెం కొంచెంగా బిగువు తీయాలి. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ముఖం దాని దారిలో ఉండకూడదు. ఒకటి తెగితే రెండూ మార్చాలి, ఎందుకంటే రెండోదానికీ అదే వయసు. పాత స్ప్రింగు కొలత, షట్టరు బరువు చూసి కొనాలి. ఇలాంటి షట్టర్లకు ఐఎస్ 6248 అని మన దేశపు ప్రమాణమే ఉంది. పనయ్యాక షట్టరును సగంలో వదిలి చూడండి. దానంతట అది జారినా, పైకి ఎగిరినా బిగింపు సరిగ్గా లేనట్టే. మనది సముద్రపు గాలి, తుప్పు తొందరగా పడుతుంది. ఏడాదికొకసారి గ్రీజు పెట్టించండి.

హాలు షట్టరుకు రెండు స్ప్రింగులూ మార్పించాం. ఆ ఖర్చు, అబ్బాయి వైద్యం ఖర్చు మేమే కడతామన్నాం. కమిటీవాళ్లు సంఘం కడుతుందన్నారు. స్ప్రింగుల డబ్బు సంఘానికి వదిలేశాం, వైద్యం డబ్బు మాత్రం మాదే. వచ్చే వారం వాడికి కట్టు విప్పుతారు. మేమూ వాడితో ఆస్పత్రికి వెళ్తున్నాం.